ఎచుకాలో క్యాంపర్‌వ్యాన్ ఆపే ముందు జాగ్రత్తలు

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నుంచి సుమారు 220 కి.మీ. దూరంలో, మర్రే నది ఒడ్డున ఉన్న పాత స్టీమర్ల రేవు ఎచుకా. వ్యాన్‌లో వెళ్లి రాత్రి బస చేసేవారికి:

• అన్నిటికన్నా ముందు తలెత్తి చూడండి. నది వెంట ఉన్నవి రెడ్‌గమ్ (ఒక రకం యూకలిప్టస్) చెట్లు. గాలి లేని ఎండరోజున కూడా లావాటి కొమ్మలు ఉన్నట్టుండి విరిగిపడతాయి. నీడ బాగుందని కింద వ్యాన్ పెట్టకండి, కుర్చీలు కూడా వేయకండి.

• వాన పడ్డాక ఒడ్డు మట్టి సబ్బులా జారుతుంది. దిగి నాలుగడుగులు నడవండి. చెప్పుకు ముద్దలా అంటుకుంటే వ్యాన్‌ను అక్కడికి దింపొద్దు.

• టోటల్ ఫైర్ బ్యాన్ (ఆరుబయట మంట వేయడంపై పూర్తి నిషేధం) ఉందేమో ఆ రోజే చూసుకోండి. లేకపోయినా మంట 30 సెం.మీ. లోతు గుంటలోనో, కట్టిన పొయ్యిలోనో వేయాలి. చుట్టూ 3 మీటర్లు ఎండుటాకులు ఉండకూడదు. ఆర్పేది నీళ్లతోనే, మట్టి కప్పితే అడుగున నిప్పు బతికే ఉంటుంది.

• వ్యాన్‌లో వంట చేస్తే కిటికీ తెరవండి. పడుకునే ముందు గ్యాస్ సిలిండర్ వాల్వు కట్టేయండి.

• గాలం వేస్తారా? ఇవతల విక్టోరియా రాష్ట్రం ఒడ్డున కూర్చున్నా సరే, మర్రేలో చేపలు పట్టడానికి అవతలి రాష్ట్రమైన న్యూ సౌత్ వేల్స్ లైసెన్సే కావాలి. చాలామంది పొరబడేది ఇక్కడే.

• నీళ్లలోకి తలకిందులుగా దూకొద్దు, అడుగున మునిగిన దుంగలుంటాయి.

• చీకటి పడకముందే చేరుకోండి. సంధ్యవేళ కంగారూలు రోడ్డు మీదికొస్తాయి.