రివాల్వర్‌తో పోటీలకి వెళ్లాలనుకుంటే ముందు లెక్కపెట్టడం నేర్చుకోండి

పోటీ షూటింగ్‌లో ఎక్కువమంది చేతిలో కనిపించేది సెమీ ఆటోమేటిక్ పిస్టలే. మ్యాగజైన్ నిండా తూటాలుంటాయి, ఒకటి గురి తప్పినా వెంటనే ఇంకోటి కాల్చేసి ముందుకు పోవచ్చు. రివాల్వర్‌లో ఆ సుఖం లేదు. సిలిండర్‌లో ఆరో ఎనిమిదో ఉంటాయి, అవి అయిపోయాక తెరవాలి, ఖాళీ షెల్స్ దులపాలి, కొత్తవి వేసి మూయాలి, అదంతా టైమర్ నడుస్తుండగానే జరగాలి. మరి ఎందుకీ తంటా అని అడిగితే, ఇందులో సరదా అంతా ఆ తంటాలోనే ఉందని నా సమాధానం. ప్రతి తూటాకీ లెక్క చెప్పాల్సి రావడం వల్ల బుర్ర ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండదు.

తుపాకీ కొనడం, ఇంట్లో దాచడం, రేంజ్‌కి తీసుకెళ్లడం వీటన్నిటి మీద ఒక్కో దేశానిది ఒక్కో చట్టం. కాబట్టి ముందు గన్ కొనేసి తర్వాత క్లబ్ వెతుక్కోవద్దు. క్లబ్‌లో చేరి, వాళ్ల సేఫ్టీ ట్రైనింగ్ పూర్తిచేసి, వాళ్ల గన్స్‌తో కొన్నాళ్లు కాల్చి చూసి, అప్పుడు కొనాలో వద్దో తేల్చుకోండి. అంతకన్నా ముందు ఒక మ్యాచ్‌కి ఉత్త చేతులతో వెళ్లి, కళ్లకి అద్దాలు, చెవులకి మఫ్స్ పెట్టుకుని వెనక నిలబడి చూడండి. రివాల్వర్ వాళ్లు ఏ మ్యాచ్‌లోనైనా తక్కువమందే ఉంటారు, అందుకే కొత్తవాళ్లు ఎవరైనా వచ్చి అడిగితే వదిలిపెట్టకుండా చెప్తారు.

ఏ మ్యాచ్‌తో మొదలుపెట్టాలి?

నన్నడిగితే స్టీల్ ఛాలెంజ్. ఇందులో పరుగులు దాదాపు లేవు, ఒక్క స్టేజ్‌లో తప్ప (స్టేజ్ అంటే ఒక్కో టార్గెట్ల అమరిక) ఒకచోట నిలబడే ఐదు ఇనప ప్లేట్లు కొట్టాలి. స్టాప్ ప్లేట్ అని ఒకటుంటుంది, దాన్ని చివర్లో కొడితే టైమ్ ఆగుతుంది. మొత్తం ఎనిమిది స్టేజ్‌లు, ఒక్క స్టేజ్ తప్ప మిగతావాటిలో ఐదేసి సార్లు కాల్చనిస్తారు, అందులో అన్నిటికన్నా నెమ్మదైనది తీసేసి మిగతా నాలుగూ కలుపుతారు. ఇప్పుడు లెక్క చూడండి: ప్లేట్లు ఐదు, మామూలు రివాల్వర్‌లో తూటాలు ఆరు. అంటే ఒక్క తప్పుకే చోటుంది. రెండు తప్పితే రీలోడ్ చేయాల్సిందే, ఆ రన్ గాలికి పోయినట్టే. ఆత్రంగా కాల్చే అలవాటున్నవాళ్లకి ఇంతకన్నా మంచి మందు లేదు. పైగా తగిలితే టంగుమని వినిపిస్తుంది కాబట్టి స్కోర్ ఏంటో ఎవరినీ అడగక్కర్లేదు.

ఆ తర్వాత ఐకోర్. అది అచ్చంగా రివాల్వర్ల కోసమే పెట్టుకున్న పోటీ, కాబట్టి స్టేజ్‌లు కూడా మన తూటాల లెక్కకి తగ్గట్టే కడతారు. పిస్టల్ వాళ్లతో కలిసి పరిగెత్తాలనుంటే ఐపీఎస్‌సీ (అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య), యూఎస్‌పీఎస్ఏ (అమెరికా ప్రాక్టికల్ షూటింగ్ సంఘం) పోటీలు ఉన్నాయి. వాటిలో రివాల్వర్ డివిజన్ వేరుగా ఉంటుంది, మీకు వచ్చిన పాయింట్లని పట్టిన సెకన్లతో భాగిస్తే వచ్చేదే హిట్ ఫ్యాక్టర్. కాగితం టార్గెట్ మధ్యలో ఉండే ‘ఏ’ (A) జోన్‌కి కొడితే ఐదు పాయింట్లు, అది అందరికీ ఒకటే. పక్కన ‘సీ’ (C) జోన్‌కి తగిలితే మాత్రం మేజర్ వాళ్లకి నాలుగు, మైనర్ వాళ్లకి మూడు. ఎనిమిది తూటాల గన్‌కి మైనర్ స్కోరింగే ఇస్తారు.

మేజర్, మైనర్ అంటే తూటా బలం. బుల్లెట్ బరువుని గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకి అడుగుల్లో తీసుకుని గుణించి వెయ్యితో భాగిస్తే పవర్ ఫ్యాక్టర్ వస్తుంది. 158 గ్రెయిన్ల బుల్లెట్ 800 అడుగుల వేగంతో పోతే 126.4. మైనర్‌కి కావాల్సింది 125, అంటే గీత మీద నిలబడ్డట్టు. మ్యాచ్‌లో క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) పెట్టి కొలిచినప్పుడు కొద్దిగా తగ్గినా స్కోర్ మొత్తం పోతుంది. రివాల్వర్‌లో సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు ఉంటుంది కదా, ఆ సందు గన్ గన్‌కీ తేడా, దాంతో వేగమూ తేడా. పక్కవాడి గన్‌లో వచ్చిన నంబర్ మీ గన్‌లో వస్తుందని నమ్మకండి.

గన్ సంగతి

నాలుగంగుళాలు లేదా అంతకన్నా పొడుగు బ్యారెల్, స్టీల్ ఫ్రేమ్, .357 మ్యాగ్నమ్ క్యాలిబర్, డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ లాగితేనే హ్యామర్ వెనక్కి వెళ్లి పడే రకం). మొదటి గన్‌కి ఇది చాలు. అందులో .38 స్పెషల్ తూటాలే వాడండి, రీకాయిల్ (గన్ వెనక్కి తన్నడం) తక్కువ. కాకపోతే .38 పొట్టిది కాబట్టి ఛాంబర్ లోపల దాని మూతి దగ్గర మసి ఉంగరంలా పేరుకుంటుంది, శుభ్రం చేయకుండా వదిలేస్తే ఎప్పుడో .357 వేయబోయినప్పుడు లోపలికి దిగదు.

తూటాలన్నీ ఒకేసారి వేయడానికి రెండు దారులు. స్పీడ్ లోడర్ తూటాల్ని పట్టుకుని, నొక్కితేనో తిప్పితేనో సిలిండర్‌లోకి వదిలేస్తుంది. మూన్ క్లిప్ అలా కాదు, పల్చటి స్టీల్ రేకు, తూటాలతో పాటే లోపలికి పోయి తూటాలతో పాటే బయటికొస్తుంది. దీని పుట్టుక 1917 నాటిది: .45 ఏసీపీ తూటాకి అడుగున బయటికి తోయడానికి పట్టు దొరికే అంచు లేకపోవడం వల్ల అప్పటి సైన్యపు రివాల్వర్లకి మూడేసి తూటాలు పట్టే సగం క్లిప్పులు చేశారు. ఇప్పుడు వేగం కావాలనుకునేవాళ్లంతా మూన్ క్లిప్పే వాడతారు. దాంతో ఉన్న తలనొప్పి ఒకటే, వెంట్రుకంత వంగినా సిలిండర్ తిరగదు. మ్యాచ్‌కి ముందు తూటాలు ఎక్కించిన ప్రతి క్లిప్పునీ రేంజ్‌లో, సేఫ్టీ రూల్స్ ఒప్పుకునే చోట, గన్‌లో వేసి సిలిండర్ చేత్తో తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టేసినట్టు అనిపిస్తే ఆ క్లిప్పుని సరిచేయాలని చూడకుండా చెత్తబుట్టలో వేయండి.

ట్రిగ్గర్ తేలిక చేయించుకోవాలన్న ఆశ అందరికీ పుడుతుంది. స్ప్రింగ్ మెత్తబడితే హ్యామర్ దెబ్బా మెత్తబడుతుంది, గట్టి ప్రైమర్లు (తూటా అడుగున నిప్పు రాజేసే చిన్న మూతలు) పేలవు. బాగా తేలిక చేసిన గన్స్ ఉన్నవాళ్లు ఫెడరల్ ప్రైమర్ల కోసం వెంపర్లాడేది ఇందుకే, అవి మెత్తవి. మొదటి ఏడాది ఫ్యాక్టరీ ట్రిగ్గర్‌తోనే కాల్చండి, వేలుకి బలం వస్తుంది.

ట్రిగ్గర్ లాగడం

పోటీలో హ్యామర్‌ని బొటనవేలితో వెనక్కి లాగి కాల్చే టైమ్ ఉండదు, అంతా డబుల్ యాక్షనే. పొడుగ్గా, బరువుగా ఉండే ఆ లాగుడు మొదట్లో విసుగు తెప్పిస్తుంది. చాలామంది సగం దాకా లాగి, ఆగి, గురి సరిచూసుకుని మిగతాది లాగుతారు. ఆ అలవాటు మాన్పించుకోవడానికి తర్వాత నెలలు పడుతుంది. మొదలుపెట్టిన వేగంతోనే చివరిదాకా ఆగకుండా లాగండి. బ్యారెల్ కొసనున్న సైట్ కొద్దిగా ఊగుతుంటుంది, ఊగనివ్వండి, టార్గెట్ మధ్యలోనే ఊగుతున్నంతసేపు నష్టం లేదు. నష్టమంతా దాన్ని పట్టి ఆపాలని చటుక్కున లాగినప్పుడే.

వెనక్కి లాగడం ఎంత ముఖ్యమో ముందుకి వదలడం అంతే ముఖ్యం. తొందరలో ట్రిగ్గర్ పూర్తిగా ముందుకి రాకముందే మళ్లీ లాగితే అది బిగుసుకుపోతుంది, లేదంటే సిలిండర్ తిరిగిపోయి ఒక తూటా పేలకుండానే దాటిపోతుంది. అప్పుడు మీ లెక్కంతా తలకిందులు.

పట్టు విషయానికొస్తే, చేతిని వెనక పట్టీ మీద ఎంత పైకి పెట్టగలిగితే అంత పైకి పెట్టండి, హ్యామర్‌కి అడ్డం రాకుండా. బొటనవేళ్లు ముందుకి చాపకండి, కిందికి ముడవండి. పిస్టల్ నుంచి వచ్చినవాళ్లకి ఇది మరీ మరీ చెప్పాలి, ఎందుకంటే సిలిండర్ ముందున్న సందులోంచి మంటా వేడి గ్యాసూ పక్కలకి చిమ్ముతాయి, అక్కడ వేలుంటే కాలడమే కాదు, కోసుకుపోతుంది కూడా.

పేలబోతోందని ముందే ఉలిక్కిపడే జబ్బు ఉందో లేదో కనిపెట్టడానికి రివాల్వర్ని మించింది లేదు. రేంజ్‌లో సిలిండర్‌లో మూడు అసలు తూటాలు, మూడు డమ్మీలు కలిపి వేసి, చూడకుండా తిప్పి మూసి కాల్చండి. డమ్మీ మీద టిక్కుమన్నప్పుడు బ్యారెల్ కిందికి ముక్కు పొడిచిందంటే జబ్బు ఉన్నట్టు. ఇంట్లో అయితే ఒట్టి గన్‌తో, బ్యారెల్ మీద ముందు సైట్ దగ్గర ఒక నాణెం నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ లాగడం ప్రాక్టీస్ చేయండి. అసలు తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. రెండుసార్లు సిలిండర్ తెరిచి చూసుకున్నాకే మొదలుపెట్టండి, అయిపోయిందనుకున్నాక “ఇంకొక్కసారి” అని మళ్లీ గన్ ఎత్తకండి, ప్రమాదాలు ఆ ఇంకొక్కసారి దగ్గరే జరుగుతాయి.

రీలోడ్

పేరున్న అమెరికన్ రివాల్వర్ షూటర్ జెర్రీ మికులెక్ 1999లో ఆరు తూటాలు కాల్చి, రీలోడ్ చేసి, ఇంకో ఆరు కాల్చాడు, మొత్తం 2.99 సెకన్లలో. వీడియో చూసి ఆనందించండి, కానీ అతని వేగం పట్టుకుందామని మొదటిరోజే దిగకండి.

కుడిచేతివాళ్లయితే ఇలా: చివరి షాట్ అవగానే వేలు ట్రిగ్గర్ గార్డ్ బయటికి రావాలి. కుడి బొటనవేలితో లాచ్ (సిలిండర్ గడియ) నొక్కుతూ గన్‌ని ఎడమచేతిలోకి తీసుకోండి, ఎడమ మధ్యవేళ్లు రెండూ ఫ్రేమ్ కిటికీలోంచి దూరి సిలిండర్‌ని బయటికి తోస్తాయి. బ్యారెల్ పైకి ఎత్తి, కుడి అరచేత్తో ఎజెక్టర్ రాడ్ (ఖాళీ షెల్స్‌ని బయటికి తోసే కడ్డీ) మీద ఒక్కటే దెబ్బ, గట్టిగా, పూర్తిగా. సగం సగం కొడితే ఒక ఖాళీ షెల్ స్టార్ (షెల్స్‌ని పైకెత్తే నక్షత్రం ఆకారపు రేకు) కిందికి జారి ఇరుక్కుంటుంది, దాన్ని గోటితో పీక్కునేసరికి స్టేజ్ అయిపోతుంది. బ్యారెల్ పైకి ఉండాలని చెప్పేది కూడా అందుకే, కాలని పౌడర్ రేణువులు స్టార్ కింద పడకుండా. అయితే ఎంత పైకి అన్నది మీ రేంజ్ ఆఫీసర్‌ని అడిగి తెలుసుకోండి, బ్యారెల్ టార్గెట్ల వెనకున్న మట్టిగోడ దాటి చూడటం కొన్నిచోట్ల ఒప్పుకోరు. తర్వాత బ్యారెల్ నేల వైపు దించండి, కుడిచెయ్యి బెల్ట్ మీదున్న క్లిప్పు తీసుకొస్తుంది, చూపుడువేలు ఒక తూటా మొన పక్కనే ఉంచితే అది దారి చూపిస్తుంది. చూపు ఆ ఒక్క క్షణం సిలిండర్ మీదే ఉండాలి. తూటాలు దిగాక సిలిండర్‌ని వేళ్లతో నొక్కి మూయండి, సినిమాల్లోలా మణికట్టు విదిలించి మూస్తే క్రేన్ (సిలిండర్‌ని మోసే చెయ్యి) వంగుతుంది.

లెక్క

ఇప్పుడు అసలు కథ. స్టేజ్ మొదలవకముందు నడిచి చూసుకోనిస్తారు. ఉదాహరణకి మొదటి చోట మూడు టార్గెట్లు, రెండో చోట నాలుగు, మూడో చోట రెండు టార్గెట్లు, ఒక స్టీల్ ప్లేట్. కాగితం టార్గెట్‌కి రెండేసి, స్టీల్‌కి ఒకటి. అంటే 6, 8, 5. ఎనిమిది తూటాల గన్‌తో ఇది హాయిగా కుదురుతుంది, కాల్చి, నడుస్తూ రీలోడ్, కాల్చి, నడుస్తూ రీలోడ్. నడిచేటప్పుడు చేసిన రీలోడ్ దాదాపు ఉచితం, నిలబడి చేసిందే ఖరీదు. కానీ మొదటి చోట మీకు రెండు తూటాలు మిగులుంటాయి, రెండో చోట సున్నా. కాబట్టి మొదటి చోట దూకుడుగా పోయినా పర్వాలేదు, రెండో చోట ప్రతి షాట్‌కీ సైట్ కనపడ్డాకే లాగాలి. వేగం ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో టార్గెట్ల దూరం ఒక్కటే చెప్పదు, సిలిండర్‌లో మిగిలిందీ చెప్తుంది.

అదే స్టేజ్‌ని ఆరు తూటాల గన్‌తో చూడండి. రెండో చోట ఆరు కాల్చాక నిలబడి రీలోడ్, రెండు కాల్చితే నాలుగు మిగుల్తాయి, మూడో చోటికి ఐదు కావాలి. ఆ నాలుగు మంచి తూటాల్నీ నేల మీద పారేసి నడుస్తూ కొత్త క్లిప్పు వేయాల్సిందే. మనసొప్పదు, అయినా పారేయాలి. లేదా మూడో చోటికి వెళ్లే దారిలో రెండో చోటి టార్గెట్ ఏదైనా ఇంకా కనిపిస్తుందేమో ముందే వెతకండి, అప్పుడు ఆ నిలబడి చేసే రీలోడ్ తప్పుతుంది. నడిచి చూసుకునే ఐదు నిమిషాలు కబుర్లతో గడిపేవాళ్లు ఇవన్నీ బజర్ మోగాక ఆలోచిస్తారు.

ప్లాన్ రెడీ అయ్యాక కళ్లు మూసుకుని తూటాల నంబర్లతో సహా ఒకసారి నడపండి. మధ్యలో ఒకటి తప్పి అదనంగా కాల్చాల్సి వస్తే ఏం చేస్తారో కూడా ముందే అనుకోండి, టెన్షన్‌లో అప్పటికప్పుడు లెక్క తేలదు.

తప్పనిసరి జాగ్రత్తలు

బ్యారెల్ ఎప్పుడూ మట్టిగోడ వైపే, కదిలేటప్పుడూ రీలోడ్‌లోనూ వేలు ట్రిగ్గర్ బయటే. “లోడ్ అండ్ మేక్ రెడీ” వినేదాకా గన్ ముట్టుకోకండి. గన్ చేయి జారి పడితే వంగి తీయకండి, రేంజ్ ఆఫీసర్ తీస్తారు, ఆ రోజుకి మీరు డిస్‌క్వాలిఫై, అంతే. టిక్కుమని పేలకపోతే, ప్రాక్టీస్‌లో అయితే బ్యారెల్ అటే ఉంచి ముప్పై సెకన్లు ఆగండి. అన్నిటికన్నా భయపడాల్సింది తుస్సుమన్న షాట్‌కి. చప్పుడు తక్కువ, రీకాయిల్ లేదు, అంటే బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి కాలిస్తే గన్ పగులుతుంది. స్కోర్ పోతే పోయింది, ఆపేయండి.

మ్యాచ్ అయ్యాక ఏమైనా తినేముందు చేతులూ ముఖమూ సబ్బుతో కడుక్కోండి, సీసం ఒంటికి మంచిది కాదు. ఇంటికొచ్చి గన్ మొత్తం విప్పక్కర్లేదు గానీ, స్టార్ కింద టూత్‌బ్రష్‌తో దులపండి, ఛాంబర్లు బ్రష్‌తో తోమండి, స్క్రూలు వదులయ్యాయేమో చూడండి. ఎజెక్టర్ రాడ్ కూడా వేళ్లతో పట్టి తిప్పి చూడండి, అది మరలు వదిలి బయటికొస్తే సిలిండర్ తెరుచుకోదు, అప్పుడు లోపల తూటాలున్న గన్‌తో రేంజ్ ఆఫీసర్ ముందు బిక్కమొహం వేసుకుని నిలబడాలి.