టూల్ కిట్ కొనే ముందు ఒక్క మాట

వంద ముక్కల రెడీమేడ్ టూల్ కిట్ చూడగానే ముచ్చటేస్తుంది కానీ, అందులో సగం ఎప్పటికీ పెట్టెలోంచి బయటికి రావు. నేనైతే విడివిడిగానే కొనమంటాను: రెండు స్టార్ స్క్రూడ్రైవర్లు, ఒక ఫ్లాట్‌ది, కటింగ్ ప్లేయర్, సుత్తి, కొలత టేపు, టెస్టర్, 8 అంగుళాల అడ్జస్టబుల్ స్పానర్.

స్టార్‌లో 2వ నంబరు తప్పనిసరి. అంతకంటే చిన్నది పెట్టి బలంగా తిప్పారంటే మొన జారి స్క్రూ తలలోని గాడి అరిగిపోతుంది, ఇక అది ఊడి రావడం గగనమే (అప్పుడు స్క్రూకీ స్క్రూడ్రైవర్‌కీ మధ్యలో వెడల్పాటి రబ్బరు బ్యాండు పెట్టి గట్టిగా నొక్కుతూ తిప్పి చూడండి, చాలాసార్లు పట్టు దొరుకుతుంది).

టెఫ్లాన్ టేపు (కుళాయి మర దగ్గర నీళ్లు కారకుండా చుట్టే పల్చటి టేపు) కూడా ఒక చుట్ట పడేసుకోండి. కుళాయి మర కొస మనవైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపే నాలుగైదు చుట్లు బిగుతుగా చుట్టాలి, తిరగేసి చుడితే బిగించేటప్పుడు టేపు లేచిపోయి ముద్దవుతుంది. రెండుసార్లు అలాగే చేసి, కారుతున్న కుళాయిని తిట్టుకున్నాను!

కరెంటు పనయితే ముందు టెస్టర్‌ని కరెంటు ఉన్న ప్లగ్‌లో పెట్టి వెలుగుతోందో లేదో చూసుకుని, ఆ తర్వాతే మెయిన్ ఆపి పని చేసే చోట మళ్లీ చూడండి, ఎందుకంటే పాడైన టెస్టర్ కూడా వెలగదు కదా.