కాలేజీ క్యాంపస్ ప్లాన్ తిరగరాసే ముందు జాగ్రత్తలు

- పాత బ్లూప్రింటును నమ్మొద్దు. టేపు పట్టి ప్రతి గదీ కొలవండి. ఎప్పుడో స్టోర్‌రూమ్ అయిపోయిన ల్యాబు కాగితం మీద ఇంకా ల్యాబుగానే ఉంటుంది.
- సర్వే నంబరు, ఎఫ్‌ఎంబీ స్కెచ్‌తో (సర్వే శాఖ గీసిన భూమి కొలతల పటంతో) హద్దులు సరిచూడండి.
- విజయవాడలో 2024 సెప్టెంబరు వరదలో బుడమేరు వాగు నీళ్లు చేరిన చోటైతే, గోడ మీది మరక ఎత్తు రాసుకోండి. ప్యానెల్ బోర్డు, జనరేటర్, రికార్డు గది ఆ గీతకు పైనే ఉండాలి. ఇందులో బేరాల్లేవు.
- గుంటూరు వైపు నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. మట్టి పరీక్ష, పునాది బలం తేలకుండా పైఅంతస్తు రాయొద్దు. మెట్లుమెట్లుగా పాకిన పగులు కనిపిస్తే పూత పూయకండి; తేదీ రాసిన గాజుముక్క అడ్డంగా అతికించండి. అది విరిగితే గోడ ఇంకా కదులుతున్నట్టే.
- గదులు చాలవనే ముందు, ఖాళీ గంటలు వారంపాటు లెక్కపెట్టండి.
- ర్యాంపు వాలు 1:12 (పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు) మించకూడదు.