ఏటీవీ ఇసుకలో హీటెక్కుతోందా? ముందు ముల్లు నిజం చెబుతోందో లేదో చూడండి

భీమిలి వైపు ఇసుకలో ఏటీవీని (ఇసుక, మట్టి మీద నడిచే నాలుగు చక్రాల బండి) పావుగంట తిప్పేసరికి ఇంజిన్ వేడి చూపించే మీటరు ముల్లు ఎర్రగీత దగ్గరకి వస్తుంది. తారు రోడ్డెక్కి రెండు కిలోమీటర్లు పోనిస్తే మళ్లీ దిగిపోతుంది. విశాఖలో నేను చూసిన ఏటీవీల్లో ఎక్కువ వాటి గొడవ ఇదే.

రోడ్డు మీద దిగుతోందంటే లోపల కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తిరుగుతున్నట్టే. చాలనిది గాలి. ఇసుకలో బండి నడక వేగంతో పోతుంది, ఇంజిన్ మీద బరువు మాత్రం ఘాటీ ఎక్కుతున్నంత. ఎదురుగాలి లేనప్పుడు రేడియేటర్‌కి దిక్కు వెనకాల ఉన్న ఫ్యానొక్కటే.

బండి నిలబెట్టి ఇంజిన్ నడవనివ్వండి. చాలా బళ్లలో 95 డిగ్రీలు దాటాక ఫ్యాన్ తిరగాలి. మీ బండి అంకె మాన్యువల్లో ఉంటుంది. తిరగకపోతే ఫ్యాన్‌కి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వండి. అప్పుడు తిరిగితే ఫ్యాన్ మంచిదే. ఫ్యూజు, రిలే, వేడిని బట్టి ఫ్యాన్ ఆన్ చేసే థర్మో స్విచ్, కనెక్టర్లు వరసగా చూడాలి. మన ఉప్పుగాలికి నేనైతే ముందు కనెక్టరే విప్పుతాను. పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తే శుభ్రంగా గీకి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, తేమ చేరనివ్వని డైఎలెక్ట్రిక్ గ్రీజు రాసి బిగించండి.

ఫ్యాన్ తిరుగుతున్నా వేడి తగ్గకపోతే ఒక న్యూస్‌పేపర్ ముక్క రేడియేటర్ ముందు పెట్టండి. అతుక్కుని నిలబడాలి. ఎగిరి దూరంగా పడిందంటే ఎవరో వైర్లు తారుమారు చేశారు, ఫ్యాన్ ఉల్టా తిరుగుతోంది. అతుక్కోకుండా జారిపోతే రేడియేటర్ పూడుకుపోయింది.

ఈ పూడికే నన్ను మూడు వారాలు తిప్పింది. మెకానిక్ మాట విని థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌కి దారి తెరిచే వాల్వు) మార్చాను, రేడియేటర్ మూత మార్చాను. రేడియేటర్ ముందు నుంచి తళతళలాడుతోంది కదా అని దాని జోలికే పోలేదు. చివరికి ఫ్యాన్ విప్పి వెనక నుంచి టార్చి వేస్తే ఇవతలికి చుక్క వెలుతురు రాలేదు. ఇసుక, ఎర్రమట్టి కలిసి రేడియేటర్ రెక్కల మధ్య ఇటుకలా గట్టిపడిపోయాయి. అరగంట నాననిచ్చి, మామూలు పైపుతో ఇంజిన్ వైపు నుంచి ముందుకి నీళ్లు పట్టండి. వాటర్ సర్వీసింగు వాళ్ల ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టనివ్వకండి, ఆ పల్చటి అల్యూమినియం రెక్కలు మడతపడిపోతాయి. బీచ్‌కి వెళ్లిన రోజే మంచినీళ్లతో కడిగేస్తే ఇంత దూరం రాదు.

ఇక ముల్లు సంగతి. చాలా ఏటీవీలకి కంపెనీ ఇచ్చే మీటరుండదు, ఎర్రలైటే. అది వెలిగేసరికే ఆలస్యమైపోతుంది. అందుకే కొందరు రేడియేటర్ పై హోస్ (రబ్బరు గొట్టం) కోసి, మధ్యలో అల్యూమినియం అడాప్టర్ పెట్టి, సెన్సర్ బిగించి వేరే మీటరు పెట్టుకుంటారు. మంచి పనే. కానీ ఒంటి వైరు సెన్సర్ తన ఒంటి ద్వారానే ఎర్తు తీసుకోవాలి. అడాప్టర్‌కి రెండు పక్కలా రబ్బరు, ఇక ఎర్తు ఎక్కడిది? ముల్లు లేవదు, లేదా గంతులేస్తుంది. అడాప్టర్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి ఒక వైరు లాగితే సరిపోతుంది. సెన్సర్ మరలకి టెఫ్లాన్ టేపు మందంగా చుట్టినా ఇదే తంటా.

అనుమానం తీరకపోతే తాళం ఆన్‌లో పెట్టి సెన్సర్ వైరు పీకండి. మామూలు ఒంటి వైరు మీటర్లలో ముల్లు అడుక్కి పోవాలి, ఆ వైరుని ఎర్తుకి తాకిస్తే పైకి లేవాలి. అలా జరిగితే మీటరు, వైరు మంచివే. సెన్సర్‌ని మరిగే నీళ్లలో ముంచి, ఎర్తు కలిపి చూడండి. విశాఖలో 100 దగ్గర చూపించాలి. అరకులో చేస్తే 97 చూపించినా తప్పు కాదు, అక్కడ ఎత్తు 900 మీటర్ల పైమాటే కాబట్టి నీళ్లు ముందే మరుగుతాయి.

ఆవిరి వస్తూ ముల్లు కిందకి దిగుతోందా? సంతోషించకండి, వెంటనే ఇంజిన్ ఆపండి. కూలెంట్ తగ్గి సెన్సర్ గాలిలో వేలాడుతోంది. పూర్తిగా చల్లారాక, గుడ్డ కప్పి, మూత మెల్లగా తియ్యండి. వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. బండి ముక్కు పైకి ఉండేలా వాలు మీద పెట్టి, కూలెంట్ పోస్తూ, గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఉంటే వదులు చేసి బుడగలు ఆగేదాకా గాలి తియ్యాలి. బోరు నీళ్లు మాత్రం వద్దు, లోపల సున్నం కడుతుంది. కాన్సంట్రేట్ (నీళ్లు కలపని చిక్కటి కూలెంట్) అయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం.

రోడ్డు మీద కూడా వేడెక్కితే అది చాలావరకు గాలి సమస్య కాదు, కూలెంట్ తిరగకపోవడమే. ముందు థర్మోస్టాట్ వేడి నీళ్లలో వేసి తెరుచుకుంటోందో చూడండి, తరవాత వాటర్ పంపు. పంపు కింద చిన్న రంధ్రంలోంచి కూలెంట్ చుక్కలు పడుతుంటే సీల్ పోయినట్టే.

ఎక్కడా కారకుండా కూలెంట్ తగ్గుతూ, ఇంజిన్ నడుస్తుంటే రేడియేటర్లో ఆగకుండా బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) పోయిందనుకోవాలి. ఇంజిన్ ఆయిల్ మజ్జిగలా తెల్లబడిందంటే ఇక స్టార్ట్ చెయ్యకండి. ట్రాలీ ఆటోలో ఎక్కించి షెడ్డుకి తీసుకెళ్లండి.