మూడోడు ఆట: తగాదా ఎక్కడొస్తుంది, ఎలా సర్దాలి

పండక్కో గంగ జాతరకో బెంగళూరు, చెన్నైల నుంచి జట్టంతా తిరుపతికి దిగుతుంది. రాత్రికి ఎవరో ఒకరి మిద్దె మీద చాప పడుతుంది, చెనిక్కాయలొస్తాయి, రెండు పాచికలు బయటికొస్తాయి. ఇది మందు తాగుతూ ఆడే ఆట, బయటిదే, 'త్రీ మ్యాన్' అంటారు. మా జట్టులో మూడోడు. గంట తిరక్కముందే ఎవరో ఒకరు అలుగుతారు. చాలాసార్లు తప్పు పాచికలది కాదు, మొదటి పందెం వేయకముందు మాట్లాడుకోని రూలుది.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. వంతుగా రెండు పాచికలు వేయాలి. మొదట ఎవరికి మూడు పడితే వాడే మూడోడు. ఆపైన ఎవరు వేసినా, ఏ పాచిక మీదైనా మూడు కనిపించినా, రెండూ కలిపి మూడొచ్చినా మూడోడు ఒక గుక్క తాగాలి. మొత్తం ఏడైతే వేసినవాడి ఎడమ పక్కవాడు, పదకొండైతే కుడి పక్కవాడు. జంట పడితే వేసినవాడు ఎవరిని చూపిస్తే వాడు. వీటిలో ఏదో ఒకటి పడినంతసేపూ అతనే మళ్లీ వేస్తాడు, ఏదీ పడకపోతే పాచికలు పక్కవాడికి. మూడోడు తన వంతులో తానే మూడు వేసుకుంటే విడుదల, కొత్త మూడోణ్ణి తనే చూపిస్తాడు.

సమస్య: ఒక్కడే తాగుతున్నాడు, మిగతావాళ్లు నవ్వుతున్నారు

కారణం లెక్కలోనే ఉంది. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. అందులో మూడోడికి తగిలేవి 13. ఏడు, పదకొండు, జంటలు కూడా కలిపితే ఏదో ఒకటి తగిలేవి 24. అంటే ఒక్కొక్కరు సగటున మూడుసార్లు వేస్తేగానీ పాచికలు చేయి మారవు. ఆ మూడుసార్లలో మూడోడికి ఒక గుక్క ఖాయంగా పడినట్టే. ఏడుగురు కూర్చుంటే, తన వంతు మళ్లీ వచ్చేలోపు మిగతా ఆరుగురి చేతుల్లో ఆరు గుక్కలు దాటతాయి. 30 మి.లీ. పెగ్గుకి నీళ్లు కలిపి గ్లాసు 150 మి.లీ. చేశాడనుకుందాం, గుక్క 25. ఒక చుట్టు తిరిగేసరికి ఒక పెగ్గు లోపలికి పోయింది. ఆ పెగ్గు అరగడానికి ఒంటికి సుమారు గంట పడుతుంది. చుట్టు తిరగడానికి ఎంతసేపు పడుతుందో మీకే తెలుసు.

విడుదల దొరకదా అంటే, అతని వంతులో దొరికే అవకాశం సగానికి కొంచెం ఎక్కువ. అంటే దాదాపు ప్రతి రెండోవాడూ రెండో చుట్టు కూడా మోయాల్సిందే.

పరిష్కారం: మూడోడి పదవి ఒక్క చుట్టే. తన వంతులో మూడు పడినా పడకపోయినా ఆ తర్వాత పదవి ఎడమ పక్కవాడికి పోవాలి. 'అట్లయితే మజా ఏముందిరా' అనేవాడు ఒకడుంటాడు. ముందు వాణ్ణే మూడోణ్ణి చేయండి, మాట మారుతుంది.

సమస్య: ఆట మొదలైన కాసేపటికే ఒకరిద్దరు తూలుతున్నారు

'గుక్క' అంటే ఎంతో ఎవరూ చెప్పలేదు. ఒకడు పెదవులు తడుపుకుంటాడు, ఇంకొకడు సగం గ్లాసు దించేస్తాడు. పైగా 'నాది బీరే కదా మామా' అన్న ధీమా ఒకటి. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీ మామూలుగా 42.8 శాతం. 30 మి.లీ. పెగ్గులో ఆల్కహాల్ సుమారు 10 గ్రాములు. 5 శాతం బీరు 650 మి.లీ. సీసాలో 25 గ్రాములు దాటుతుంది, అంటే రెండున్నర పెగ్గులు. స్ట్రాంగ్ అయితే ఇంకా పైనే.

ఎవరు తాగాలో మాత్రమే పాచిక చెప్పాలి, ఎంత తాగాలో మాత్రం ముందే కుదుర్చుకోవాలి. మందు సీసా మూతతో ఒక మూత, నీళ్లు కలిపి, అదే గుక్క. 'జంట పడితే గ్లాసు ఖాళీ', 'నేను మళ్లీ జంట వేసేలోపు నువ్వు దించెయ్' లాంటి పోటీ రూళ్లు మొత్తం ఎత్తేయండి. ఇందులో నేను బేరానికి రాను, ఆసుపత్రి దాకా వెళ్లే రాత్రులు ఆ రూళ్లతోనే మొదలవుతాయి. ఖాళీ కడుపుతో ఎవర్నీ కూర్చోబెట్టొద్దు. బొరుగులు, చెనిక్కాయలు నంజుకోడానికి సరే, ముందు అన్నం తినిరావాలి. గుక్క గుక్కకీ మధ్య మంచినీళ్లు తాగితే ఆట నిదానిస్తుంది.

సమస్య: 'పాచిక మోసం చేస్తోంది'

పాచికలాటలో దొంగ అన్న నింద ఎలా పడుతుందో ఈ ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు, స్వామితో పాచికలాడి హారం దొంగ అనిపించుకున్న హథీరాం బావాజీ కథ వింటూ పెరిగినవాళ్లం. సగంసార్లు ఇది ఉత్త అనుమానమే. ఏడు తరచుగా పడుతోందంటే వింతేమీ లేదు, 36లో ఆరు దానివే, అన్ని మొత్తాల్లోకీ అదే ఎక్కువ.

నిజంగా పాచికలోనే లోపముంటే రెండు పరీక్షలు. ఎదురెదురు ముఖాలు కలిపితే ఏడు రావాలి. ఆ తర్వాత గ్లాసు నీళ్లలో ఉప్పు ఇంక కరగనంత వరకు కలిపి పాచిక వేయండి. చాలా ప్లాస్టిక్ పాచికలు తేలతాయి. వేలితో తిప్పి వదిలిన ప్రతిసారీ అదే ముఖం పైకి వస్తుంటే లోపల గాలి బుడగో బరువు తేడానో ఉన్నట్టు. పారేయండి. వైకుంఠపాళి డబ్బాలో వచ్చే బుల్లి పాచికల్లో ఇది మామూలే.

సమస్య: వాలిన పాచిక లెక్కా కాదా

చాప మీద వేస్తే వాలుతుంది, మిద్దె మీద వేస్తే పిట్టగోడ దాకా దొర్లుతుంది. వెడల్పు స్టీలు పళ్లెంలో తువ్వాలు పరిచి అందులోనే వేయండి. పళ్లెం దాటినా, అంచుకి ఆనుకుని వాలినా ఆ పందెం చెల్లదు, మళ్లీ వేయాలి. పక్కవాడు అంకె పైకి చెప్పేదాకా వేసినవాడు పాచిక ముట్టుకోకూడదు. తువ్వాలు వల్ల ఇంకో లాభం, పది దాటాక కింది ఇంటివాళ్లు పైకి రారు.

సమస్య: ఒకడు తాగడు, జట్టు వదలదు

మాలలో ఉండొచ్చు, అయ్యప్పదో గోవిందదో. మాత్రలు వాడుతుండొచ్చు. ముఖ్యంగా నిద్రమాత్రలకి మందు తోడైతే ప్రమాదం. ఊరికే ఇష్టం లేకపోవచ్చు, అదీ కారణమే. వయసు 21 నిండని తమ్ముళ్లయితే మాటే లేదు. ఆట మారక్కర్లేదు, గ్లాసులో నన్నారి షర్బత్ పోయండి. మజ్జిగైనా సరే. కారణం అడగకూడదన్నది రూలుగా పెట్టండి. నాకైతే సగం మంది నన్నారితో ఆడే రాత్రే బాగుంటుంది, లెక్క తప్పకుండా చెప్పేవాడు ఒకడైనా మిగులుతాడు.

సమస్య: పడుకున్నవాడు లేవడం లేదు

పిలిచినా గిచ్చినా కదలకపోయినా, ఊపిరి మధ్యమధ్య ఆగుతున్నా, ఒళ్లు చల్లబడి పెదాలు నీలంగా మారినా అది 'మత్తు దిగని' వ్యవహారం కాదు. 108కి ఫోన్ చేయండి. వచ్చేదాకా ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతుకి అడ్డం పడకుండా. ఒంటరిగా వదలొద్దు. నిమ్మరసం, పెరుగు, కాఫీ, చన్నీళ్ల స్నానం, ఇవేవీ రక్తంలో ఉన్నదాన్ని తగ్గించవు.

సమస్య: 'నేను బాగానే ఉన్నా, బండి నడుపుతా'

తాళాలు మొదటి పందేనికి ముందే ఒక డబ్బాలో పడాలి. డబ్బా నన్నారి తాగేవాడి దగ్గర. రక్తంలో 100 మి.లీ.కి 30 మి.గ్రా. దాటితే కేసు. మొదటిసారే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చంద్రగిరి నుంచి వచ్చినవాడైనా చిత్తూరు నుంచి వచ్చినవాడైనా ఆ మిద్దె మీదే పడుకుంటాడు.

సమస్య: తెల్లారితే దర్శనం టికెట్ ఉంది

ఇది మన ఊరికే ప్రత్యేకం. టికెట్ ఉన్నవాడు ఆ రాత్రి ఆటలో నన్నారే తాగాలి. మిగిలిన సీసా ఎవరి కారు డిక్కీలోనూ ఉండకూడదు. కొండ మీద మందు, సిగరెట్, మాంసం నిషేధం, అలిపిరి దగ్గర బండి సోదా చేస్తారు. అందుకే ఆట ముగిశాక సీసాలు లెక్కపెట్టి ఆ ఇంటాయనకే అప్పగించండి.