లావెక్కిన పిల్లికి బరువు దించడం: సమస్య - పరిష్కారం

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పిల్లి ఒక్క ఇంటిది కాదు, వీధిది. పొద్దున్నే మన వంటింట్లో పాలు తాగుతుంది. పదింటికి పక్క ఒడియావాళ్ళింట్లో పఖాళ (నీళ్ళు పోసిన చద్దన్నం) పళ్ళెం దగ్గర వేయించిన చేపముక్క దొరుకుతుంది. మధ్యాహ్నం మళ్ళీ మన గుమ్మంలోనే పులుసన్నం కోసం కూర్చుంటుంది. ఏ ఇంటికి ఆ ఇల్లు "పాపం, పొద్దుటినుంచీ దీని నోట్లో ఏమీ పడలేదు" అనుకుంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయిన పిల్లయితే ఏడాది తిరిగేసరికి దిండులా తయారవుతుంది.

దీన్ని తగ్గించవచ్చు. తొందరపడితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. లావు పిల్లి తిండి మానేస్తే ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వును అంత వేగంగా ఖర్చుచేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. అక్కడే పేరుకుని కాలేయాన్ని పాడుచేస్తుంది. "రెండ్రోజులు కడుపు మాడిస్తే అదే తగ్గుతుంది" అని ఎవరు చెప్పినా వినకండి.

పొట్ట వేలాడుతోంది. లావేనా?

చూపును నమ్మకండి, చేత్తో తడమండి. ముందు మీ ఎడంచేతిని బల్లమీద బోర్లా పరిచి, వేళ్ళ మొదళ్ళ దగ్గర చేతి వెనకవైపు కుడిచేత్తో రాయండి. పిల్లి పక్కటెముకలు అలా తగిలితే ఒళ్ళు సరిగ్గా ఉన్నట్టు. అరచేతి వైపు తడిమినప్పటిలా, నొక్కితే తప్ప ఎముక తెలియకపోతే లావు. బిగించిన పిడికిలి కణుపుల్లా పొడుచుకొస్తే బక్కపిల్లి. నిల్చున్న పిల్లిని పైనుంచి చూస్తే పక్కటెముకల వెనక నడుము కాస్త లోపలికి తిరగాలి. తిన్నగా గొట్టంలా ఉన్నా, బయటికి ఉబ్బినా అది కొవ్వే.

వెనక కాళ్ళ ముందు ఊగే చర్మపు సంచి వేరు. అది బక్కపిల్లికీ ఉంటుంది, దానికోసం తిండి తగ్గించనక్కర్లేదు.

వెన్నెముక చేతికి గుచ్చుకుంటూ పొట్ట ఒక్కటే బానలా ఉంటే అది లావు కాదు. కడుపులో నీరు చేరి ఉండవచ్చు, చూలు కావచ్చు, కూనలైతే నులిపురుగులు కావచ్చు. తిండి జోలికి పోకుండా డాక్టరుకు చూపించండి. దురదకు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పడుతున్న పిల్లి కూడా లావెక్కుతుంది. ఆ సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి.

తక్కువే పెడుతున్నాం, అయినా తగ్గట్లేదు

ఈ మాట అన్నవాళ్ళు అబద్ధమాడరు. కొలత దగ్గరే తప్పిపోతుంది. గుప్పెడు డ్రై ఫుడ్ అంటే ఒకరి చేతిలో 25 గ్రాములు, ఇంకొకరి చేతిలో 40. అందులో 100 గ్రాములకు 350 నుంచి 400 క్యాలరీలుంటాయి (ప్యాకెట్ మీద కిలో క్యాలరీలని ఉంటుంది, ఇక్కడ క్యాలరీ అన్నది దాన్నే). పది గ్రాములు ఎక్కువ పడితే 37 క్యాలరీలు ఎక్కువైనట్టు. ఇక చిన్న టీ గ్లాసుడు గేదెపాలు, అంటే 100 మిల్లీలీటర్లు, దాదాపు 100 క్యాలరీలు. 100 గ్రాముల అన్నం 130. చేప వేయించిన నూనె ఒక చెంచా 45.

పిల్లికి రోజు మొత్తానికి ఎంత కావాలో ఫోన్లోని క్యాలిక్యులేటర్‌తోనే తేల్చవచ్చు. ఇప్పుడున్న బరువు కాదు, ఉండాల్సిన బరువు తీసుకోండి. మామూలు నాటు పిల్లుల్లో ఆడదానికి మూడు, మూడున్నర కేజీలు, మగదానికి నాలుగు, నాలుగున్నర అనుకుని మొదలుపెట్టి డాక్టరు చేత సరిచూపించుకోండి. లెక్క ఇదీ: 4.5ను 4.5తో, మళ్ళీ 4.5తో గుణించండి. వచ్చిన 91కి వర్గమూలం తియ్యండి, దానికి మళ్ళీ వర్గమూలం తియ్యండి. 3.09 వస్తుంది. దాన్ని 70తో గుణిస్తే 216. బరువు తగ్గించడానికి అందులో నూటికి 80 పాళ్ళు, అంటే సుమారు 173 క్యాలరీలు. ఉండాల్సింది నాలుగు కేజీలైతే 158, మూడున్నరైతే 143 వస్తాయి.

ఇప్పుడు పళ్ళెంలోకి రండి. మీ డ్రై ఫుడ్ 100 గ్రాములకు 370 క్యాలరీలైతే 173కి 47 గ్రాములే సరిపోతాయి. అది ఒక పూటకు కాదు, రోజంతటికీ. 65 క్యాలరీల తడి ఆహారం పౌచ్ ఒకటి ఇస్తే మిగిలిన 108కి 29 గ్రాముల డ్రై ఫుడ్. తడి ఆహారంలో మూడొంతులు నీళ్ళే కాబట్టి పళ్ళెం నిండుగా కనిపిస్తుంది, కడుపూ నిండుతుంది. ఆకలికి ఆగలేని పిల్లికి మేము ముందు చెప్పేది ఇదే. ముద్దుకు పెట్టే చేపముక్క రోజు లెక్కలో పదో వంతు దాటకూడదు: ఉడికించిన తెల్ల చేపైతే 15 గ్రాములు, రెండు వేళ్ళ మధ్య పట్టేంత.

రేపటినుంచే 47 గ్రాములకు దించెయ్యకండి. మొదటి వారం ఇప్పుడు పెడుతున్నదంతా తూచి రాయండి, ఏమీ తగ్గించకండి. రెండో వారంనుంచి వారానికి పదో వంతు చొప్పున తగ్గిస్తూ లెక్క దగ్గరికి రండి. ఆహారం మారుస్తుంటే మూడు రోజులు పాతది ముప్పావు, కొత్తది పావు. మరో మూడు రోజులు సగం సగం. ఇంకో మూడు రోజులు పాతది పావు. పదో రోజుకు పూర్తిగా కొత్తది.

మామూలు క్యాట్ ఫుడ్‌నే సగానికి సగం కోసేస్తే క్యాలరీలతోపాటు ప్రొటీన్, విటమిన్లు కూడా పడిపోతాయి. కొవ్వు బదులు కండ కరుగుతుంది. ఎక్కువ తగ్గించాల్సి వస్తే బరువు తగ్గించడానికే చేసిన, ప్రొటీన్ ఎక్కువున్న ఆహారం డాక్టరు చేత రాయించుకోండి.

ఇంటి తిండి సంగతి. చేప అన్నం ఒక్కటే ఏళ్ళతరబడి పెడితే టారిన్ అనే పోషకం తక్కువై గుండె, కంటిచూపు దెబ్బతింటాయి. పచ్చి చేపల్లో కొన్నింటిలో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంటుంది, అందుకే ఉడికించి పెట్టాలి. ఎండు నెత్తళ్ళలో ఉప్పు ఎక్కువ. పులుసులోని ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను విరిచేస్తాయి. "ఇన్నాళ్ళూ తిందిగా, ఏమైంది?" అని మామ్మగారు అడగవచ్చు. ముక్కను ఉప్పూ కారం వెయ్యకముందే తీసి ఉడికిస్తే గొడవే లేదు.

డైట్ మొదలుపెట్టాక తినడం మానేసింది

ఇది అన్నిటికంటే ముఖ్యం. ఒక రోజు పూర్తిగా ముట్టకపోతే డైట్ ఆపెయ్యండి. పాత ఆహారమే పెట్టి, డాక్టరుకు ఫోన్ చెయ్యండి. తడి ఆహారాన్ని ఒంటి వేడికి వచ్చేదాకా గోరువెచ్చగా చేస్తే వాసన లేచి చాలా పిల్లులు నోరు పెడతాయి. ఉప్పు, మసాలా లేని చేప ఉడికించిన నీళ్ళు రెండు చెంచాలు పైన పొయ్యవచ్చు. రెండో రోజూ తినకపోతే ఆస్పత్రికి బయల్దేరాలి, మూడో రోజు కోసం ఆగకూడదు. చెవి లోపలి చర్మం, చిగుళ్ళు, కంటి తెల్లగుడ్డు పచ్చబడటం, చొల్లు కారడం, వాంతులు, లేపినా లేవకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రాత్రే వెళ్ళండి. చిగుళ్ళను పగటి వెలుతురులో చూడండి, పసుపు రంగు బల్బు కింద పచ్చదనం తెలియదు.

సిరంజితో గొంతులోకి తోయడం మంచిది కాదు. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, పైగా ఆ ఆహారమంటేనే పిల్లికి రోత పుడుతుంది. డాక్టర్లు గొట్టం వేసి వారాలపాటు తినిపిస్తారు. త్వరగా పట్టుకుంటే చాలా పిల్లులు కోలుకుంటాయి. జిల్లాల్లోని ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఆవులు, మేకలే ఎక్కువ. గొట్టం వేసే సదుపాయం ఉందో లేదో ముందే కనుక్కోండి. పెద్ద కేసులకు భువనేశ్వర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయపు పశువైద్య కళాశాల ఉంది. రాయగడ, జయపురం వాళ్ళకు విశాఖపట్నం దగ్గర.

ఈ ప్రాంతంలో దీనికి ఒక సీజన్ ఉంది: కార్తీకం. చాలా ఇళ్ళలో నెలంతా, మిగతావాళ్ళు చివరి అయిదు రోజులూ చేప ముట్టరు. వాటిని బక పంచకం అంటారు, కొంగ కూడా చేప తినదని. కొంగ సంగతేమో గాని పిల్లి మాత్రం పెరుగన్నం వాసన చూసి వెళ్ళిపోతుంది. మన ఇంటా అంతే, పక్కింటా అంతే. అలా రెండు మూడు రోజులు అసలేమీ తినకుండానే గడిచిపోతాయి, ఎవరికీ తెలియదు. పున్నమి మర్నాడు ఛాడఖాయ్, వీధి వీధంతా మాంసం, చేపలు. పస్తున్న పిల్లికి ఆరేడిళ్ళ తలలు, తోకలు ఒక్కసారి దొరుకుతాయి. కాబట్టి డైట్‌ను కార్తీకంలో మొదలుపెట్టకండి. అప్పటికే నడుస్తుంటే నెలకు సరిపడా క్యాట్ ఫుడ్ ముందే తెచ్చి, వంటింటి బయట, పెరట్లోనో మెట్లకిందో పళ్ళెం పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళకు అభ్యంతరం ఉండదు.

తెల్లవారుజామున నాలుగింటికే అరుస్తోంది

లేచి పెట్టారు కాబట్టే అరుస్తోంది. ఒక్కసారి లొంగినా మర్నాడు ఇంకో పావుగంట ఎక్కువ అరుస్తుంది. అదే 47 గ్రాములను నాలుగైదు పూటలు చేసి, చివరి పూట మీరు పడుకునే ముందు పెట్టండి. పొద్దున లేవగానే కాకుండా స్నానం, కాఫీ అయ్యాక పెడితే మీ మెలకువకూ దాని తిండికీ ముడి తెగుతుంది. మొదటి పది రోజులు నిద్ర చెడుతుంది, తప్పదు.

ఇంట్లో తగ్గిస్తే పక్కింట్లో తినొస్తోంది

బతిమాలి ప్రయోజనం తక్కువ. పిల్లి వచ్చి కాళ్ళకు రాసుకుంటే ఎవరి మనసైనా కరుగుతుంది. పెట్టొద్దని చెప్పే బదులు, రోజు కోటాలోంచి 5 గ్రాములు చిన్న డబ్బాలో పోసి పక్కింటివాళ్ళకే ఇవ్వండి, వాళ్ళ చేత్తో అదే పెడతారు. మెడకు తెగిపోయే బకిల్ ఉన్న పట్టీ కట్టి, "బిలేయికి (పిల్లికి) డైట్, తిండి పెట్టవద్దు" అని తెలుగులో, ఒడియాలో రాసిన చీటీ తగిలించినా పనిచేస్తుంది. మామూలు పట్టీ గోడ చువ్వకు తగులుకుంటే ఉరి పడుతుంది.

రెండు పిల్లులుంటే వేర్వేరు గదుల్లో ఇరవై నిమిషాలు పెట్టి పళ్ళేలు తీసెయ్యాలి. సన్నపిల్లి ఆహారాన్ని ఎత్తున, లావు పిల్లి ఎగరలేని చోట పెట్టవచ్చు. బరువు తగ్గిన కొద్దీ ఆ ఎత్తు పనికిరాకుండా పోతుందని గుర్తుంచుకోండి.

బరువు కదలట్లేదు, లేదా మరీ వేగంగా పడిపోతోంది

పది కేజీల కిచెన్ కాటా మీద అట్టపెట్టె ఉంచి సున్నా చేసి, పిల్లిని అందులో కూర్చోబెట్టండి. వారానికోసారి, ఒకే రోజు, తిండికి ముందు. మనిషి ఎత్తుకుని తూగే కాటాలో 100 గ్రాములు అటూఇటూ అవుతాయి, మనం వెతికేది అంతకంటే తక్కువ. ఆరు కేజీల పిల్లి వారానికి 30 నుంచి 60 గ్రాములు తగ్గితే చాలు. 120 దాటితే ప్రమాదం, పదో వంతు తిండి పెంచి డాక్టరుతో మాట్లాడండి. ఆరునుంచి నాలుగున్నరకు రావడానికి ఆరు నెలలనుంచి ఏడాది దాకా పడుతుంది. మూడు వారాలు ఒకేచోట ఆగితే, ముందు పక్కింటి సంగతి చూసి, ఆ తర్వాతే నూటికి అయిదు పాళ్ళు తగ్గించండి.

కదలదు, గెంతదు

బద్ధకమని తిట్టకండి. లావు పిల్లికి మోకాళ్ళు, తుంటి కీళ్ళు నొస్తాయి. నడుము పైభాగంలో జుట్టు ఉండలు కట్టి, పొట్టు రాలుతుంటే అక్కడికి నాలుక అందట్లేదన్నమాట. నొప్పికి మనుషుల పారాసెటమాల్ ఇవ్వకూడదు, ఒక్క మాత్రతో పిల్లి చచ్చిపోవచ్చు. దారానికి ఈక కట్టి అయిదు నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు ఆడించండి, అయ్యాక దారం దాచెయ్యండి, మింగితే పేగులు తెగుతాయి. వేసవిలో పొద్దున్నే లేదా చీకటి పడ్డాకే ఆడించండి. నోరు తెరిచి రొప్పితే వెంటనే ఆపండి.

నీళ్ళు విపరీతంగా తాగుతోంది, తిండి తగ్గించకుండానే చిక్కిపోతోంది

సంతోషించకండి, షుగర్ కావచ్చు. వెనక కాళ్ళ మడమలు నేలకు ఆనించి నడుస్తుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. బుట్టలో పెట్టి ఆటోలో తెచ్చిన పిల్లికి భయంతోనే రక్తంలో షుగర్ పెరుగుతుంది, కాబట్టి మూత్ర పరీక్ష, ఫ్రక్టోసమీన్ పరీక్ష (గత కొన్ని వారాల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) కూడా అడగండి. ఇన్సులిన్ మీదున్న పిల్లికి సొంతంగా తిండి తగ్గించవద్దు. ఒళ్ళు తగ్గేకొద్దీ మందు అవసరమూ తగ్గుతుంది, పాత మోతాదే వేస్తే షుగర్ పడిపోయి తూలుతుంది. అలా తూలితే గ్లూకోజ్ నీళ్ళు వేలితో చిగుళ్ళకు రాసి ఆస్పత్రికి తీసుకెళ్ళండి.