దసరాకు సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారా? కాగితం తర్వాత, ముందు ఇనుము చూడండి

2025 మేలో హైదరాబాద్‌కు చెందిన ఒక లగ్జరీ కార్ల డీలర్‌ను డీఆర్ఐ (స్మగ్లింగ్, సుంకం ఎగవేతలను పట్టుకునే కేంద్ర సంస్థ) అరెస్టు చేసిన వార్త చదివే ఉంటారు. విదేశీ కార్లను దుబాయ్, శ్రీలంక మీదుగా తెప్పించి, దొంగ కాగితాల్లో ధర తగ్గించి చూపి కస్టమ్స్ సుంకం ఎగ్గొట్టారన్నది కేసు. అంత జరిగాక కూడా మా నల్గొండ పిల్లలు ఫోన్ చేసి "అన్నా, కాగితాలన్నీ ఒరిజినలే, అమ్మేటోడు వాట్సాప్‌లో పంపించిండు" అంటుంటే నాకు భయమేస్తోంది.

ఇన్సూరెన్స్, చలాన్ల సంగతి మీకు తెలుసు, వాటి జోలికి పోను. మనుషులను ముంచిన తప్పు నేను చూసింది ఒక్కటే: కాగితాన్ని కాగితంతో పోల్చుకుని తృప్తిపడటం. మిర్యాలగూడ దగ్గర మా బంధువు ఒకతను రెండు సీట్ల కారు కొన్నాడు. ఆర్సీ, ఇన్వాయిస్, సర్వీస్ బుక్ మూడింట్లోనూ చాసిస్ నంబరు (ఫ్యాక్టరీలో కారు బాడీ ఇనుము మీద కొట్టే గుర్తింపు నంబరు) ఒక్కటే. ఎందుకు ఉండదు, మూడూ ఒకే చేతిలో తయారైనవి! పేరు మార్పిడికని ఇనుము మీది ఆ నంబరుపై కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసేసరికి ఒక అక్షరం వేరే వచ్చింది. రెండెకరాలు అమ్మిన డబ్బు అది, కారేమో ఇప్పటికీ టార్పాలిన్ కింద ఉంది. కాగితాన్ని ఇనుముతో పోల్చండి, కాగితంతో కాదు.

చాసిస్ నంబరులో అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి. ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో ఎప్పుడూ రావు, కనిపిస్తే అక్కడితో ఆపేయండి. మొదటి అక్షరం దేశాన్ని చెబుతుంది: జర్మనీ డబ్ల్యూ, జపాన్ జే, ఇటలీ జెడ్, బ్రిటన్ ఎస్. బాడీ ఇనుము మీద కొట్టిన నంబరును డోరు పిల్లర్ మీది ప్లేటుతో, ముందు అద్దం కింద మూలన ఉన్నదానితో అక్షరం అక్షరం చదివి చూడండి. చుట్టూ పెయింట్ కొత్తగా ఉన్నా, గ్రైండర్ గీతలు కనిపించినా వద్దు.

ఫ్యాక్టరీ కాగితమంటే యూజర్ మాన్యువల్ అనుకుంటారు, అది ఎక్కడైనా దొరుకుతుంది. అసలైనవి ఫ్యాక్టరీలో అంటించిన స్టిక్కర్లు. 911 లాంటి పోర్షే కార్లలో చాలావాటికి ముందు డిక్కీ మూత లోపల ఆప్షన్ కోడ్‌ల (కారుకు ఫ్యాక్టరీలో ఏమేం బిగించారో చెప్పే గుర్తుల) స్టిక్కర్ ఉంటుంది, అదే సర్వీస్ బుక్‌లోనూ ఉంటుంది, రెండూ కలవాలి. స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 245 కార్లు 2020లో మన దేశానికి వచ్చినవి 200 మాత్రమే, కానీ మామూలు ఆక్టేవియాకు బంపర్లు, బ్యాడ్జి వేసి అదే పేరుతో అమ్మేవాళ్ళున్నారు, కాబట్టి డిక్కీలో స్పేర్ టైరు గుంత దగ్గరి స్టిక్కర్ మీద కోడ్‌లు చదివించండి.

సర్వీస్ బుక్‌లో ముద్రలు ఎవరైనా వేయించగలరు. ఓనర్‌ను వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్ళి, ఇనుము మీద చదివిన నంబరు చెప్పి కిలోమీటర్ల చరిత్ర ప్రింట్ అడగండి. ఆర్సీ మీది నంబరు చెప్పొద్దు, ఇనుము మీదిది చెప్పండి.

కంపెనీ ఇచ్చే ఫారం 22 (బండి రోడ్డుకు పనికొస్తుందన్న సర్టిఫికెట్), డీలర్ ఇచ్చే ఫారం 21 (అమ్మకం సర్టిఫికెట్) కాపీలు అడగండి. దిగుమతి కారైతే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చిన దిగుమతి కాగితం) లేకుండా మాట్లాడొద్దు. అందులో కూడా చాసిస్ నంబరు చూడండి. లోన్ ఉంటే ఫారం 35 (అప్పు తీరిందని బ్యాంకు సంతకం చేసే కాగితం) చేతికొచ్చాకే మిగతా మాట. వేరే రాష్ట్రం బండైతే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) అడగండి. ఇంజిన్ నంబరు విడిగా చూడండి. రెండు తాళాలూ తీసుకోండి. "ఒరిజినల్ బుక్ ఊర్లో ఉంది, తర్వాత పంపిస్తా" అంటే అడ్వాన్స్ ఇవ్వొద్దు, పదివేలు కూడా. రాత్రిపూట కారు చూడొద్దు. ఫొటోలో చాసిస్ నంబరు చూసి నమ్మొద్దు, ఫొటో కూడా కాగితమే. టార్చి, పెన్సిల్, తెల్ల కాగితం జేబులో పెట్టుకుని పోండి, ప్రింట్ మీరే తీయండి. తీయనివ్వకపోతే జడ్చర్ల నుంచి హైదరాబాద్ దాకా వచ్చామే అని మొహమాటపడకుండా తిరిగి బస్సెక్కండి.